అంటువ్యాధి కాలమున విద్యార్థుల నడవడి

2020వ సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో ప్రపంచమందలి విద్యాలయములు ఒకదాని వెంట నొకటిగా మూతబడినవి. యునెస్కో లెక్క ప్రకారము ఆ రోజులలో బడికి, కళాశాలకు దూరమైన విద్యార్థుల సంఖ్య 150 కోట్లకు పైమాటే. కొన్ని నెలల తరువాత విశ్వవిద్యాలయములను తిరిగి తెరువ దలచినపుడు అధికారులను వేధించిన ప్రశ్న ఒక్కటి గలదు. వేలకొలది యువతీయువకులు ఒకచోట చేరి, ఒకే మెస్సులో భుజించుచు, ఒకే వరండాలో తిరుగుచు, కోవిడ్ నివారణ నియమములను నిజముగా పాటింతురా?

ఈ ప్రశ్న వైద్యునికి మాత్రమే సంబంధించినది కాదు. మందు రోగిపై పనిచేయునా, చేయదా అనునది ప్రయోగశాలలో తేల్చవచ్చును. కాని నియమము పనిచేయునా, చేయదా అనునది మనుష్యుల నడవడిపై ఆధారపడి యుండును. పైగా కోవిడ్ వలన ఇరువది యేండ్ల ప్రాయము వారికి ప్రాణాపాయము తక్కువ. అరువది దాటిన వారికి చాల ఎక్కువ. కనుక విద్యార్థి పాటించు జాగ్రత్త వలన కలుగు మేలులో పెద్దభాగము అతనికి గాక ఇతరులకు చెందును. మెస్సులో వడ్డించు వానికి, బస్సు నడుపు వానికి, పండుగకు ఇంటికి పోయినపుడు ఎదురుచూచు అమ్మమ్మకు చెందును. కంటికి కనబడని మేలు కొరకు, కనబడని వారి కొరకు, ప్రతిదినము కొంత కష్టము భరించుట ఎట్లు సాధ్యము? గత మహమ్మారి కాలపు అనుభవములు ఈ విషయమున చాల సంగతులు నేర్పినవి.

వ్యాధి వ్యాపించు విధము

కోవిడ్ వ్యాధికి కారణమైన వైరస్ కణము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు ప్రమాణము గలది. అది ఒంటరిగా గాలిలో తిరుగదు. రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు, పాడినపుడు, మాటలాడినపుడు, తుదకు ఊరక శ్వాస విడిచినపుడు కూడ వెలువడు తేమ తుంపరలలో అది ప్రయాణించును. పెద్ద తుంపరలు క్షణములలో నేల రాలును. చిన్నవి అట్లు రాలక, అగరువత్తి పొగవలె గదియంతట అల్లుకొని చాలసేపు నిలిచి యుండును. తలుపులు, కిటికీలు మూసిన గదిలో అగరువత్తి వెలిగించి చూచినవారికి ఈ సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. కిటికీలు తెరచిన వెంటనే ఆ పొగ పలుచబడుటయు అందరును ఎరిగినదే.

ఈ వ్యాధిలో మరియొక చిక్కు గలదు. జ్వరము, దగ్గు మొదలగు లక్షణములు కనబడుటకు సుమారు రెండు దినముల ముందే రోగి ఇతరులకు వ్యాధిని అంటింప గలడు. కొందరికి లక్షణములు ఎన్నడును కనబడవు. అందుచేత రోగులను మాత్రమే వేరుచేసి తక్కినవారిని స్వేచ్ఛగా వదలుట చాలదు. ఆరోగ్యముగా ఉన్నట్లు తోచువారు కూడ నియమములు పాటింపవలెను. అసలు కష్టమంతయు ఇక్కడనే ఉన్నది. ఒంటిలో ఏ బాధయు లేనివాడు తాను ఇతరులకు ప్రమాదకారిని కావచ్చునని నమ్ముట సులభము కాదు.

మాస్కు ధరించుట, ఎడముగా ఉండుట, గదులలోనికి గాలి రానిచ్చుట, చేతులు కడుగుకొనుట, పరీక్ష చేయించుకొనుట, వ్యాధి తేలినచో ఏకాంతముగా ఉండుట, టీకా వేయించుకొనుట - ఇవి నివారణ మార్గములు. ఇందులో ఏ ఒక్కటియు సంపూర్ణ రక్షణ నీయదు. నీటిని వడగట్టుటకు గుడ్డను రెండు మూడు మడతలు పెట్టినట్లు, ఒక మడతలో జారిన మలినము తరువాతి మడతలో చిక్కవలెనను సూత్రముపై ఇవి పనిచేయును.

చదువు వేరు, నమ్మకము వేరు

చదువుకున్నవారు నియమములను సులభముగా గ్రహింతురని, గ్రహించినవారు తప్పక పాటింతురని సామాన్యముగా అనుకొందురు. చరిత్ర ఈ ఊహను సమర్థింపదు. 1910 చివరను మంచూరియాలోని హార్బిన్ నగరమున ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినది. దానిని అరికట్టుటకు చైనా ప్రభుత్వము వూ లియన్-టే అను యువవైద్యుని పంపినది. ఆయన పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివినవాడు. ఈ ప్లేగు ఎలుకల వలన గాక శ్వాస వలన మనిషినుండి మనిషికి అంటుచున్నదని ఆయన గుర్తించి, వైద్యులును, పరిచారకులును దూదిని పొదిగిన పలుచని గుడ్డ మాస్కులు కట్టుకొనవలెనని చెప్పెను. జెరాల్డ్ మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు ఈ మాట నమ్మలేదు. ఆయన వైద్యవిద్య బోధించు ఆచార్యుడు. వూ కంటె వయసున, అనుభవమున పెద్దవాడు. మాస్కు లేకయే రోగులను పరీక్షించి, కొన్ని దినములలోనే, 1911 జనవరిలో, అదే వ్యాధితో మరణించెను. ఆ తరువాత హార్బిన్‌లో మాస్కును ఎవరును తేలికగా చూడలేదు.

వ్యాధి ఏ దారిని వచ్చునని మనిషి నమ్మునో ఆ దారినే కాపలా కాయును. కోవిడ్ కాలమునను ఇదియే జరిగినది. మొదటి నెలలలో వస్తువులను తాకుట వలన కలుగు ప్రమాదమును గురించి ఎక్కువ ప్రచారము జరిగినది. గాలి ద్వారా వ్యాప్తికి అధికారిక సంస్థలు తగిన ప్రాధాన్యము ఇచ్చుటకు చాలకాలము పట్టినది. అందుచేత అనేక విద్యాలయములలో బల్లలను దినమునకు నాలుగుమారులు తుడిచి, వాకిట శానిటైజరు పెట్టి, లోపల కిటికీలు మాత్రము మూసియుంచిరి. ఆ విద్యార్థులు నియమములను ఉల్లంఘించినవారు కారు. వారికి చెప్పిన నియమములలోనే పెద్ద తలుపు తెరచి యుండెను.

రెండు విశ్వవిద్యాలయములు, రెండు అనుభవములు

అమెరికాలో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయము చాపెల్ హిల్ పట్టణమున గలదు. 2020 ఆగస్టు 10న అచట తరగతులు ఆరంభమైనవి. మాస్కు తప్పనిసరి చేసిరి. తరగతులలో బల్లలను ఎడముగా వేసిరి. కాని వచ్చు విద్యార్థులందరికి ముందుగా పరీక్ష జరుపలేదు. ఒక్క వారములోనే 130 మంది విద్యార్థులకు వ్యాధి సోకినది. పరీక్షలలో వ్యాధి తేలినవారు నూటికి 3 లోపునుండి 13కు పైగా పెరిగిరి. ఆగస్టు 17న విశ్వవిద్యాలయము ప్రాథమిక పట్టపు తరగతులను దూరవిద్యా పద్ధతికి మార్చుచున్నట్లు ప్రకటింపవలసి వచ్చెను. వ్యాధి గుంపుగా బయటపడినది ముఖ్యముగా వసతిగృహములలోను, విద్యార్థి సంఘముల నివాసములలోను.

ఇల్లినాయి విశ్వవిద్యాలయము మరియొక దారి త్రొక్కినది. అర్బనా-షాంపేన్‌లోని ఆ విద్యాలయపు శాస్త్రజ్ఞులు లాలాజలముతో త్వరగా చేయదగు పరీక్షను రూపొందించిరి. ప్రతి విద్యార్థియు వారమునకు రెండుమారులు పరీక్ష చేయించుకొనవలెను. పరీక్ష చేయించుకొనని వానికి భవనములలో ప్రవేశము లేదు. దినమునకు 10,000 పరీక్షల వంతున జరిగినవి. భౌతికశాస్త్ర ఆచార్యులు గణితముతో ముందంచనా వేసిరి. విద్యార్థులు విందులు చేసికొందురని, కొందరు మాస్కు ధరింపరని కూడ వారు లెక్కలో చేర్చిరి. ఆ అంచనా ప్రకారము నవంబరు వరకు మొత్తము సుమారు 700 మందికి వ్యాధి సోకవలెను. ఆగస్టు 24న తరగతులు మొదలైన పదిదినములలోనే ఆ సంఖ్య దాటిపోయినది.

పొరపాటు ఎక్కడ జరిగినది? వ్యాధి ఉన్నట్లు పరీక్షలో తేలిన తరువాత కూడ కొందరు ఏకాంతముగా ఉండక విందులకు పోయిరి. కొందరు ఆరోగ్య సిబ్బంది ఫోనులకు బదులు చెప్పలేదు. ఈ రెండు సంగతులను గణితము ఊహింపలేదు. సెప్టెంబరు 2న రెండు వారములపాటు అనవసర సంచారమును నిషేధించిరి. వ్యాధి తేలిన వారిని త్వరగా వేరుచేయు ఏర్పాట్లను బిగించిరి. పిమ్మట వ్యాధి తగ్గుముఖము పట్టినది. విద్యాలయము మూతబడలేదు.

కొద్దిమంది తప్పినను లెక్క తప్పుట ఎట్లు?

ఈ సంగతిని చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఏ జాగ్రత్తయు లేనిచో ఒక్కొక్క రోగి ముగ్గురికి వ్యాధిని అంటించుననుకొందము. పదిమంది రోగులున్నచో తరువాతి మారు 30 మంది అగుదురు. ఆ పదిమందిలో ఎనమండుగురు సకాలమున ఏకాంతమునకు పోయినచో, మిగిలిన ఇద్దరు ఆరుగురికి మాత్రమే అంటింతురు. పది ఆరుగా తగ్గినది. వ్యాధి క్రమముగా అణగిపోవును. ఏకాంతమునకు పోయినవారు ఐదుగురే అయినచో, మిగిలిన ఐదుగురు 15 మందికి అంటింతురు. పది పదునైదయినది, వ్యాధి పెరుగును.

ఎనిమిదికిని ఐదుకును మధ్య ఉన్నది ముగ్గురి నడవడి మాత్రమే. వ్యాధి అణగునా, పెరుగునా అనునది ఆ ముగ్గురిపై ఆధారపడి యున్నది. విందుల వలన ఈ లెక్క ఇంకను విషమించును. మూసిన గదిలో పెద్దగా పాటలు పాడుచు, కేకలు వేయుచు నలువది మంది గుమిగూడిన చోట ఒక్క రోగి ఒక్క రాత్రిలో ఇరువది మందికి అంటింపవచ్చును. నూటికి తొంబది మంది శ్రద్ధగా నడచుకొనిన విద్యాలయములో కూడ వ్యాధి చెలరేగుటకు కారణము ఇదియే. అందరును నిర్లక్ష్యముగా ఉన్నారనుట అన్యాయము. కొందరే తప్పిరి గనుక పరవాలేదనుట అజ్ఞానము.

తప్పిన జాగ్రత్త ఫలము ఎవరు అనుభవింతురో విస్కాన్సిన్ రాష్ట్రములోని లాక్రాస్ పట్టణమున వెల్లడియైనది. 2020 సెప్టెంబరులో విద్యార్థులు తిరిగివచ్చిన కొలది దినములకే అచట వ్యాధి విజృంభించినది. వైరస్ జన్యుపదార్థపు అక్షరక్రమమును చదివి శాస్త్రజ్ఞులు దాని ప్రయాణమును గుర్తించిరి. విద్యార్థులలో వ్యాపించిన రకములే కొన్ని వారములలో పట్టణములోని వృద్ధుల శరణాలయములలో కనబడినవి. అచట మరణములు సంభవించినవి. ఆ విద్యార్థులలో ఎవరును ఆ వృద్ధుల ముఖము చూచి యుండకపోవచ్చును.

మన దేశపు అనుభవము

భారతదేశమున విశ్వవిద్యాలయములు ఎక్కువకాలము మూసియే యుండినవి. కొద్దికొద్దిగా తెరచిన చోట్ల ఇవే పాఠములు ఎదురైనవి. 2020 డిసెంబరులో మద్రాసు ఐ.ఐ.టి. వసతిగృహములలో 700 పైచిలుకు విద్యార్థులు మాత్రమే ఉండిరి. అంత తక్కువమంది ఉన్నను కొద్దిదినములలో వందమందికి పైగా వ్యాధి సోకినది. విద్యార్థులందరు ఒకే మెస్సులో గుమిగూడుట ముఖ్యకారణమని ఆరోగ్యాధికారులు భావించిరి. మెస్సు మూసి, భోజనమును పొట్లములుగా గదులకు పంపవలసి వచ్చెను.

ఇందులో ఒక సూక్ష్మము గలదు. మాస్కు ధరించి భోజనము చేయుట ఎవరికిని సాధ్యము కాదు. తరగతిగదిలో ఆరుగంటలు మాస్కు ధరించినవాడు మెస్సులో అరగంట, గదిలో రాత్రియంతయు మాస్కు లేకయే ఉండును. బోస్టన్ విశ్వవిద్యాలయములో 2021 శరత్కాలమున లక్షకు మించిన తరగతి సమావేశముల వివరములను పరిశీలించినపుడు, టీకాలు, మాస్కులు తప్పనిసరియైన ఆ తరగతులలో వ్యాధి అంటినట్లు రూఢియైన ఉదాహరణ కనబడలేదు. ప్రమాదమంతయు పుస్తకములు మూసిన తరువాతనే మొదలగుచున్నది.

2021 నవంబరులో కర్ణాటకలోని ధార్వాడలో ఒక వైద్యకళాశాలయందు కొత్త విద్యార్థుల స్వాగతోత్సవము జరిగినది. తరువాత కొలది దినములలో ఆ కళాశాలలో వ్యాధి తేలినవారు 281 మందికి చేరిరి. వారిలో చాలమంది రెండు టీకాలును వేయించుకొనిన వైద్యవిద్యార్థులు. వ్యాధిని గురించి వారికి తెలియని సంగతి లేదు. టీకా వలన చాలమందికి వ్యాధి తేలికగా పోయినది. కాని టీకా ఒక మడత మాత్రమేనని మరచుట వలన వ్యాధి వ్యాపించినది.

తెలంగాణలో 2021 మార్చిలో పాఠశాలలు, వసతిగృహములలో వ్యాధి కనబడగా, వైద్యకళాశాలలు తప్ప తక్కిన విద్యాసంస్థలను మార్చి 24నుండి మూసివేసిరి. వసతిగృహమును మూయుట తేలికైన నిర్ణయము కాదు. వ్యాధి ఉన్న వసతిగృహమునుండి విద్యార్థులను ఒక్కమారుగా ఇండ్లకు పంపినచో వ్యాధి కూడ వారితో ఊరూరికి బస్సెక్కును. అమెరికా అంటువ్యాధుల శాస్త్రజ్ఞుడు ఆంటొనీ ఫౌచీ 2020 సెప్టెంబరులో విశ్వవిద్యాలయములకు ఈ హెచ్చరికయే చేసెను. రోగులైన విద్యార్థులను ఆవరణలోనే వేరుగా ఉంచి చూడవలెను గాని ఇంటికి పంపరాదని ఆయన మాట. కాని అట్లుంచుటకు గదులుండవలెను. ఒక గదిలో నలుగురు పడుకొను వసతిగృహములో ఎడము పాటింపుమనుట, బావి లేని ఊరిలో దినమునకు రెండుమారులు స్నానము చేయుమనినట్లు ఉండును.

పాటింపకుండుటకు కారణములు

అనేక దేశములలో జరిగిన పరిశీలనలవలన కొన్ని కారణములు స్పష్టమైనవి.

మొదటిది, నియమము కోరు మూల్యము. మాస్కు ధరించుటకు కొలది అసౌకర్యము చాలును. స్నేహితులకు దూరముగా ఉండుటకు మనసు చంపుకొనవలెను. మహమ్మారి సాగిన కొలది అనేక దేశములలో మాస్కు వాడుక నిలిచి యుండగా లేదా పెరుగగా, ఎడము పాటించుట మాత్రము సడలినది. ఇంటికి దూరమై, కొత్త ఊరిలో తొలిస్నేహముల కొరకు వెదకు పదునెనిమిదేండ్ల వానికి ఈ రెండవ మూల్యము మరింత బరువైనది.

రెండవది, తోటివారి నడవడి. విద్యార్థి గోడమీది ప్రకటన కంటె ప్రక్కగదిలోని మిత్రుని ఎక్కువగా అనుసరించును. మాస్కు లేనివాడు కంటికి వెంటనే తగులును. గదిలో ఒంటరిగా కూర్చుండి నియమము పాటించువాడు ఎవరికిని కనబడడు. అందుచేత పాటింపనివారు ఉన్నవారికంటె ఎక్కువమంది ఉన్నట్లు తోచును. "ఎవరును పాటించుట లేదు, నేనొక్కడనే ఎందుకు?" అను మాట ఈ భ్రమ నుండి పుట్టును.

మూడవది, శిక్షాభయము. వ్యాధి తేలిన వానిని దోషిగా చూచు చోట, పదునాలుగు దినములు తిండికి, బట్టకు దిక్కులేని గదిలో పెట్టు చోట, పరీక్షకు హాజరు పోవునను భయమున్న చోట, విద్యార్థి తన జ్వరమును దాచుకొనును. దాచిన జ్వరము వేరుచేసిన జ్వరము కంటె ప్రమాదకరము.

నాలుగవది పాటింపునకు గాక దాని కొలతకు సంబంధించినది. "నియమములు పాటించుచున్నారా?" అని అడిగిన వారికి చాలమంది "అవును" అందురు. 2020లో పశ్చిమ కెన్యా గ్రామములలో ఫోనులో అడిగినపుడు నూటికి 88 మంది మాస్కు ధరించుచున్నట్లు చెప్పిరి. బజారులో, వీధులలో నిలిచి లెక్కించినపుడు ధరించినవారు నూటికి 10 మందియే. కాబట్టి ప్రశ్నపత్రముల ఫలితములను మాత్రమే నమ్మి విద్యార్థుల నడవడిని అంచనా వేయరాదు. చెప్పినదానిని కొంత తగ్గించియు, చూచినదానిని ఎక్కువగను విలువ కట్టవలెను.

ఏది పనిచేసినది?

బలవంతము వలన సాధ్యమగునా? 2020 నవంబరు 5న మాంచెస్టర్ విశ్వవిద్యాలయములో విద్యార్థుల వసతిగృహముల చుట్టును ముందుగా చెప్పకుండ ఇనుప కంచె నాటిరి. అదే రాత్రి విద్యార్థులు దానిని పడగొట్టిరి. విశ్వవిద్యాలయము క్షమాపణ చెప్పి కంచెను తొలగించినది. కంచె వలన వ్యాధి ఆగలేదు సరికదా, విద్యార్థులకు అధికారులపై నున్న నమ్మకము కూడ సడలినది.

దీనికి భిన్నమైన అనుభవము బంగ్లాదేశములో గలదు. 2020-21లో అచట 600 గ్రామములలో, 3 లక్షల 40 వేలకు పైబడిన పెద్దలలో ఒక గొప్ప ప్రయోగము జరిగినది. కొన్ని గ్రామములలో ఇంటింటికి మాస్కులు ఉచితముగా ఇచ్చిరి. ఊరిపెద్దలు, మసీదు ఇమాములు ధరించి చూపిరి. మాస్కు లేక ఎదురైన వారికి కార్యకర్తలు మర్యాదగా గుర్తుచేసిరి. ఈ గ్రామములలో మాస్కు ధరించినవారు నూటికి 42 మంది. ప్రయోగము లేని గ్రామములలో 13 మందియే. ఫోను సందేశముల వలన గాని, ప్రోత్సాహక బహుమానముల వలన గాని అదనపు లాభము కనబడలేదు. ఎదుట నిలిచి మర్యాదగా చెప్పిన మాటయే పనిచేసినది. శస్త్రచికిత్సలో వాడు రకపు మాస్కులు పంచిన ఊళ్ళలో రోగలక్షణములతో కూడిన వ్యాధి కూడ, ముఖ్యముగా వృద్ధులలో, తగ్గినది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఒకే స్నానపుగదిని, వంటగదిని వాడుకొను విద్యార్థులను ఒక కుటుంబముగా భావించి, వారి నమూనాలను ఒకే గొట్టములో చేర్చి వారము వారము పరీక్షించినది. ఈ పద్ధతివలన ఖర్చు తగ్గినది. అంతకంటె ముఖ్యముగా, తాను పరీక్షకు పోకపోయినచో తన గదివారికి నష్టమను భావము విద్యార్థికి కలిగినది. కనబడని వృద్ధుని కొరకు చేయుటకు వెనుకాడినవాడు కనబడు మిత్రుని కొరకు చేయును. మనుష్య స్వభావములోని ఈ బలమును నియమములు ఉపయోగించుకొనవలెను.

అన్నిటికంటె నమ్మదగినవి ఎవరి ఇష్టముపైనను ఆధారపడని ఏర్పాట్లు. తెరచిన కిటికీ ఎవరిని బతిమాలదు. ఆరుబయట గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళకు సుమారు 420 పాళ్ళుండును. మనుష్యులు నిండిన గదిలో అది 1,000 దాటినదనగా ఒకరు విడిచిన గాలినే మరియొకరు పీల్చుచున్నారని అర్థము. దీనిని కొలుచు చిన్న పరికరములు ఇపుడు బజారులో దొరకుచున్నవి. మెస్సు వేళలను విడదీసి భోజనమునకు రెండు మూడు పంక్తులు పెట్టుట, వానలేని దినములలో చెట్లక్రింద వడ్డించుట, రోగికి వేరుగది, వేళకు అన్నము, పోయిన పాఠము, మరల పరీక్ష వ్రాయు అవకాశము ముందే ఏర్పరచుట - ఇవి ఉపన్యాసములకంటె ఎక్కువ పనిచేయును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. వైరస్ మాత్రము పోలేదు. శ్వాస ద్వారా వ్యాపించు మరియొక మహమ్మారి ఎన్నడు వచ్చునో ఎవరును చెప్పజాలరు. అది వచ్చునాటికి నేటి విద్యార్థులు అధ్యాపకులుగను, వైద్యులుగను, వసతిగృహముల అధికారులుగను ఉందురు. విద్యార్థులు బాధ్యత లేనివారని నిందించుట తేలిక. పాటింపదగిన నియమమును, పాటించుటకు వీలైన వసతిని ముందు కల్పించి, ఆ మీద పాటింపుమని అడుగుట కష్టము. గత అనుభవమును బట్టి చూడగా, ఈ కష్టమైన పని జరిగిన చోట విద్యార్థులు ఎక్కువభాగము తమ మాట నిలబెట్టుకొనిరి.